నలభై నాలుగు మెట్ల అలసట

పెళ్ళైన నలభయ్యో రోజు సాయంత్రం విశాలి తన భర్తను షికారుకు తీసుకువెళ్ళింది. బీచికి కాదు, కైలాసగిరికి అంతకన్నా కాదు. విశాఖ నగరం చివర, గవ్వలపాలెం జంక్షన్లో హైవే మీద కట్టిన కాలినడక వంతెన దగ్గరికి. కూర్మారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, ఎందుకని కూడా అడక్కుండా వెంట వచ్చాడు. కొత్తగా పెళ్ళైన మగవాడికి భార్య ఎక్కడికి రమ్మన్నా అది షికారే.

వంతెనకు ఎదురుగా, మరమరాలు కలిపి అమ్మే మురీ మిక్చర్ బండి పక్కన ఇద్దరూ నిలబడ్డారు. విశాలి నిమ్మరసం ఎక్కువ పిండించుకుని, మొదటి గుప్పెడు నోట్లో వేసుకుని, ఆ పులుపుకు ఒక కన్ను మూసుకుంది.

"ఇప్పుడేం చూడాలి?" అన్నాడు కూర్మారావు.

"కాళ్ళు. మెట్లెక్కే కాళ్ళు."

ఆ వంతెన కట్టి నాలుగేళ్ళయింది. అటు నలభై నాలుగు మెట్లు, ఇటు నలభై నాలుగు. ఈ నాలుగేళ్ళలో దాన్ని ఎక్కింది పోస్టర్లు అంటించేవాళ్ళూ, ఏకాంతం కోసం వెతుక్కునే ప్రేమికులూ మాత్రమే. మిగతా ఊరంతా కిందనే దాటేది. డివైడర్లో కడ్డీలు విరిగిన సందు ఒకటుంది. చెయ్యి అడ్డం పెడితే లారీ ఆగుతుందన్న నమ్మకంతో అందులోంచి దూరి పరిగెత్తేవాళ్ళు. పోయిన ఏడాది అక్కడ పదకొండు మంది చనిపోయారు. అధికారులు సందు మూశారు, వారం తిరక్కుండా ఎవరో తెరిచారు. జరిమానా బోర్డు పెట్టారు, దాని మీద ఎవరో తువ్వాళ్ళు ఆరేశారు. చివరికి విశాలి పనిచేసే ప్రయోగశాల వాళ్ళు, ఎందుకెక్కరో కనుక్కుందామని మూడు వేల మందిని అడిగారు. బద్ధకమనే జవాబు వస్తుందనుకున్నారు. దాదాపు అందరూ చెప్పింది వేరు. ఎక్కడం ఇష్టం లేక కాదు, అక్కడికి వచ్చేసరికే ఒంట్లో సత్తువ మిగలడం లేదు.

ఆ ఉదయమే మెట్లన్నిటి మీదా కొత్త పలకలు పరిచారు. చూడ్డానికి వంటింటి గచ్చులో వేసే పలకల్లాగే ఉన్నాయి. రంగు మాత్రం నేరేడు పళ్ళు తిన్న నాలుక రంగు.

మొట్టమొదట దొరికిన మనిషి నూకరత్నం. రోజూ హార్బరు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి చేపలమ్మే మనిషి, అరవై దాటి ఉంటాయి. ఆ సాయంత్రానికి సందు దగ్గర నిలబెట్టిన కానిస్టేబుల్ ఆమెను మెట్లవైపు మళ్ళించాడు. పై మెట్టు చేరేదాకా అతడి వంశంలో ఏడు తరాలను పేరుపేరునా తిట్టింది. అవతలివైపు దిగాక మాత్రం చప్పున ఆగిపోయింది. తట్ట కింద పెట్టింది. మోకాళ్ళ వంక చూసుకుంది. ఎవరైనా గమనిస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, తట్ట ఎత్తుకుని మళ్ళీ ఎక్కింది. ఇవతలికి దిగి, ఉదయం పలకలు వేయిస్తూ కనబడ్డ విశాలి దగ్గరికే తిన్నగా వచ్చింది.

"ఏటమ్మా ఈ మెట్లు? ఎక్కినట్టు లేదు, దిగినట్టూ లేదు. పడుకుని లెగిసినట్టుంది."

విశాలి చేతిలో పొట్లం సగం ఒలికిపోయింది. నడిరోడ్డు అన్న సంగతి మరిచి మొగుడి చెయ్యి పట్టుకుని ఊపేసింది. తర్వాత సిగ్గుపడి వదిలేసింది. ఈసారి అతడు పట్టుకున్నాడు.

* * *

ఆ పలక ఎలుకల దగ్గర పుట్టింది. ప్రయోగశాల పెద్ద సీతామాలక్ష్మి గారు వేరే ఏదో పనికోసం రకరకాల మన్ను కలిపి బిళ్ళలు కాలుస్తుండేవారు. ఒకరోజు చక్రంలో పరిగెత్తి పరిగెత్తి సొమ్మసిల్లిన ఎలుక ఒకటి అలాంటి బిళ్ళ మీద పడుకుని, ఐదు నిమిషాల్లో లేచి మళ్ళీ చక్రం ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు అదే బిళ్ళ మీద, అసలు పరిగెత్తని ఎలుకను పెట్టారు. అది అక్కడే నిద్రపోయింది. సాయంత్రం దాకా లేవలేదు.

"అలసట చావదమ్మా, ఇల్లు మారుతుందంతే," అన్నారు సీతామాలక్ష్మి గారు.

అయితే మనుషుల అలసటకు కొత్త ఇల్లు ఎక్కడ? రాయి పుచ్చుకోలేదు, నీళ్ళు పుచ్చుకోలేదు, వేపచెట్టు పుచ్చుకోలేదు. విశ్రాంతి తీసుకోగల ఒళ్ళే దాన్ని పుచ్చుకుంటుందని తేలింది. ఒక గేదెను అడిగి తెచ్చారు. అది రెండు రోజులు లేవకుండా పడుకుని పాలివ్వడం మానేస్తే, దాని యజమాని వచ్చి ప్రయోగశాల గేటు ముందు బైఠాయించాడు. ఇక మిగిలింది మనుషులే. వంతెన కింద ఉన్న చిన్న గదిలో ఒక కుర్చీ, కుర్చీ ముందు ఒక పలక, గోడకు ముల్లున్న కొలత పెట్టె అమర్చారు. మెట్ల మీద పోగైన అలసట అక్కడికి చేరుతుంది. కుర్చీలో కూర్చుని పలక మీద పాదాలు పెట్టిన మనిషి ఒంట్లోకి దిగుతుంది.

కొలతలకు పేర్లు సీతామాలక్ష్మి గారే పెట్టారు, వాళ్ళ అమ్మమ్మ గారింట్లో బియ్యం కొలిచిన పేర్లు. నాలుగు గిద్దెలు ఒక సోల. పదహారు సోలలు ఒక కుంచం. సోల అలసట అంటే ఇంట్లో దుప్పట్లన్నీ చేత్తో ఉతికి మేడ మీద ఆరేసినంత. రోజుకు నాలుగు సోలలు పోగవుతాయని లెక్క వేశారు. పుచ్చుకోవడానికి నలుగురు సిబ్బంది, తలా ఒక సోల. వాళ్ళలో పదేళ్ళుగా నిద్రపట్టని ఎలక్ట్రీషియన్ సత్తిబాబైతే మొదటిరోజు పుచ్చుకుని, రాత్రంతా హాయిగా నిద్రపోయి, మర్నాడు గుళ్ళో కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. విశాలికి మాత్రం ఆ కుర్చీలో కూర్చునే హక్కు లేదు. ఆమె కొలిచే మనిషి. కొలిచేవాళ్ళు పుచ్చుకుంటే కొలత తప్పుతుందని అక్కడి నియమం.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే కూర్మారావు చెవులు నిక్కబొడుచుకుని విన్నాడు. అతడు హైస్కూల్లో ఆటల మాస్టారు. శ్రీకూర్మం దేవుడు వాళ్ళ కులదైవం కనుక ఆ పేరు వచ్చింది గానీ, జిల్లాలో నాలుగు వందల మీటర్ల పందెంలో అతడిని దాటినవాళ్ళు లేరు. ఆదివారాలు తను ఒక సోల పుచ్చుకుంటానన్నాడు.

"కూర్మంగారికి ఎందుకొచ్చిన తాపత్రయం?" అని వేళాకోళం చేసింది విశాలి.

"ఇంకొకళ్ళ అలసట ఎలా ఉంటుందో చూడాలని ఉంది," అన్నాడతను.

ఆదివారం వెళ్ళి వచ్చాడు. గుమ్మంలోనే ఆవలించి, మధ్యాహ్నం దాకా పసిపిల్లాడిలా నిద్రపోయాడు. లేచాక కాఫీ తాగుతూ మెడ రుద్దుకున్నాడు. ఒళ్ళంతా ఒకేలా అలిసిపోలేదట. నడినెత్తి నుంచి ఎడమ మెడ మీదుగా ఒక బరువు దిగిందట, దానికి ఒక ఆకారం ఉందట.

విశాలి కప్పు కింద పెట్టేసింది. నెత్తిన తట్ట, ఎడమచేత్తో పట్టు. "నూకరత్నం," అంది మెల్లగా.

అలసటకు యజమాని ఆనవాళ్ళు పోవన్న సంగతి అలా, వాళ్ళ వంటింట్లో, కాఫీ చల్లారిపోతుండగా బయటపడింది. ఆ తర్వాత అదొక ఆటైపోయింది. ఆదివారం పుచ్చుకోవడం, సాయంత్రం వంతెన దగ్గర నిలబడి యజమానిని వెతకడం. పిక్కలు రాళ్ళలా గట్టిపడిన అలసట, పన్నెండు గంటలు నిలబడే బట్టల షాపు అమ్మాయిది. కుడి మణికట్టు గుంజే అలసట, పూరీల పిండి కలిపే మనిషిది. ఒకటి మాత్రం నెలంతా దొరకలేదు. నవ్వీ నవ్వీ దవడలు లాగే అలసట. చివరికి అది హోటల్ రిసెప్షన్లో కూర్చునే కుర్రాడిదని తెలిసినప్పుడు, ఆలుమగలిద్దరూ వంతెన మీదే పొట్ట పట్టుకుని నవ్వారు.

* * *

మూడు నెలల్లో గవ్వలపాలెం జంక్షన్లో ఒక్కరికి కూడా గీత పడలేదు. డివైడర్ సందులో గడ్డి మొలిచింది. విశాలి వారం వారం ఆ అంకెలు సీతామాలక్ష్మి గారి ముందు పెట్టి, ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే చూసి మురిసిపోయేది.

అయితే రెండో నెల నుంచే కొలత ముల్లు లెక్క తప్పింది. నాలుగు సోలలు రావలసిన చోట తొమ్మిది సోలలు వస్తున్నాయి. ఎక్కేవాళ్ళు రెట్టింపు కూడా కాలేదు. మరి ఇదెక్కడిది? విశాలి వంతెన మొదట్లో ఒక పూటంతా కూర్చుని చూసింది. మొదటి మెట్టుకు ఎవరో పసుపు రాశారు. దాని ముందు ఒక్కొక్కరే ఆగి చెప్పులు విప్పుతున్నారు. ఒళ్ళు తేలిక చేసే మెట్లను చెప్పులతో తొక్కకూడదని నూకరత్నం మొదలుపెట్టిందట. అందరూ చెప్పులు చేత్తో పట్టుకునో, తట్టలో వేసుకునో, వట్టి కాళ్ళతో ఎక్కుతున్నారు.

విశాలి తల పట్టుకుంది. ప్రయోగశాలలో కరెంటు తీగల మధ్య తిరుగుతారు కనుక అందరూ రబ్బరు బూట్లు వేసుకోవాలి. ఆ బూట్లతోనే మెట్లెక్కి, ఆ బూట్లతోనే కొలిచారు. రబ్బరులోంచి దిగేది పైపైన ఉన్న కొత్త అలసట, ఆ నలభై నాలుగు మెట్లదే. వట్టి పాదంలోంచి రోజంతటిదీ దిగుతుంది. నగరంలో వట్టికాళ్ళ మనుషులు ఉంటారని, అందరూ డిగ్రీలున్న ఆ ప్రయోగశాలలో ఎవరికీ తట్టలేదు.

మెట్లు పుచ్చుకోగలిగింది మూడు కుంచాలు. అంతకు మించితే పొంగి, ఎక్కుతున్నవాళ్ళ మీదికే తిరగబడుతుంది. నడి వంతెన మీద ఎవరో కుప్పకూలతారు. చెప్పులు వేసుకోమని బోర్డు పెట్టారు, దాని మీదా తువ్వాళ్ళు ఆరేశారు. పలకలు తీసేద్దామన్నారు సీతామాలక్ష్మి గారు. తీస్తే జనం మళ్ళీ సందులోకి దిగుతారని విశాలి వాదించింది. ఇంకొన్నాళ్ళు చూద్దామనుకున్నారు. వింతేమిటంటే, పోగవుతున్నంత వేగంగా ముల్లు పైకి పోవడం లేదు. నలుగురూ కలిసి ఐదు సోలలకు మించి పుచ్చుకోలేరు, అయినా నిల్వ రోజుకు ఒక్క సోలే పెరుగుతోంది. మూడు సోలలు ఎక్కడికి పోతున్నాయో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ జవాబు స్కూలు మైదానంలో దొరికింది. ఒక మధ్యాహ్నం భర్తకు ఇష్టమని పనసతొనలు కొనుక్కుని, చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుద్దామనుకుంది. పిల్లలు ట్రాక్ మీద పరిగెడుతున్నారు. కూర్మారావు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, మెడలో విజిల్. పిల్లలు తిరిగి వచ్చారు, అతడు విజిల్ ఎత్తి పెదాల దాకా తెచ్చి, ఊదకుండానే దించేశాడు. ఊదడానికి ఊపిరి చాలలేదు. అది చూశాక విశాలికి ఇన్నాళ్ళూ తను చూసీ చూడని సంగతులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మేడ మెట్ల మీద మధ్యలో ఆగి ఫోను చూసుకుంటున్నట్టు నిలబడడం, అన్నం ముందు కునికిపాట్లు, పెళ్ళి ఉంగరం వేలికి వదులవడం.

సత్తిబాబును నిలదీస్తే నీళ్ళు నమిలి, చివరికి ఒప్పుకున్నాడు. నెల రోజులుగా మాస్టారు గారు స్కూలుకు ముందొక సోల, తర్వాత రెండు పుచ్చుకుంటున్నారు. అమ్మగారికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఒంట్లో జబ్బేమీ లేదన్నాడు. గుండె మాత్రం డెబ్బై ఏళ్ళ మనిషి గుండెలా కొట్టుకుంటోంది, ఇంకో నెల ఇలాగే సాగితే అదే దానికి అలవాటైపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు.

ఆ సాయంత్రం విశాలి అతడికి కంచం పెట్టింది. అన్నం వడ్డించింది, పచ్చడి వేసింది, నెయ్యి వేసింది, అన్నీ కొంచెం గట్టిగా. చివరికి అతడే అందుకున్నాడు.

"ఆపేస్తే నూకరత్నం మళ్ళీ సందులోకి దిగుతుంది."

"దిగితే? ఊరి అలసటంతా మీరొక్కరే మోస్తారా? మీరేమైనా మందర పర్వతం మోసే కూర్మమా?"

అతడు నవ్వబోయి, నవ్వుకు కూడా శ్రమ పడ్డాడు. "వాళ్ళంతా నాకు తెలిసిపోయారు విశాలీ. ఎవరి నడుం ఎక్కడ నొప్పెడుతుందో నాకు తెలుసు. తెలిశాక ఎలా వదిలేయడం?"

ఆమె కంచాలు తీసేసింది. చెయ్యి కడుక్కుని వచ్చి అతడి తల ఒళ్ళో పెట్టుకుంది. కుర్చీ జోలికి ఇక వెళ్ళనని మాట తీసుకునేదాకా వదల్లేదు.

* * *

మర్నాడు అతడి బదులు కుర్చీలో విశాలి కూర్చుంది. కొలిచేవాళ్ళు పుచ్చుకోకూడదన్న నియమాన్ని గుర్తు చేయబోయిన సత్తిబాబు, ఆమె ముఖం చూసి గది బయటికి వెళ్ళిపోయాడు.

బూట్లు విప్పి పాదాలు పెట్టింది. మొదట మెట్ల అలసట వచ్చింది, చిటికెడు. తర్వాత నడుములు, భుజాలు, ఎవరివో కళ్ళమంటలు. కూర్మారావు చెప్పినవన్నీ ఒక్కొక్కటే పలకరించాయి. వాటన్నిటి అడుగున, అతడు ఎప్పుడూ చెప్పనిది ఒకటుంది. ఆమె మెడ తనంతట తానే కుడివైపుకు తిరిగింది. మడమలు నేల మీంచి లేచాయి. ఊపిరి సగంలో ఆగింది. ఎవరి పనికీ సంబంధం లేని అలసట అది. చేపలమ్మకూ ఉంది, షాపు అమ్మాయికీ ఉంది. రోజూ మూడు సోలలు పుచ్చుకున్న మనిషికి అది తన సొంతమే అనిపించి ఉంటుంది.

భయం పక్కన పెట్టి ఆమెలోని కొలిచే మనిషి లేచి కూర్చుంది. దీన్ని విడిగా పట్టడం ఎలా? ఏ పనీ చేయని మనుషులు కావాలి. ఆదివారం తెల్లవారాక, నిద్రలేచి గుడికో, పాలకో, చుట్టాలింటికో బయల్దేరినవాళ్ళు వంతెన ఎక్కినప్పుడు కొలిచింది. వాళ్ళ ఒళ్ళలో పని అలసట లేదు. ఉన్నదల్లా అదే. మామూలు రోజు మనిషి తలకు వచ్చే దాంట్లో మూడో వంతు.

గవ్వలపాలెం వంతెన దాకా రావడానికి ఎవరైనా నాలుగైదు రోడ్లు దాటాలి. అక్కడ వంతెనా లేదు, సిగ్నలూ లేదు. రోడ్డు అంచున నిలబడి, కుడివైపు చూస్తూ, ఇప్పుడా ఇంకాసేపా అని మడమ ఎత్తి దించుతూ గడిపిన క్షణాలన్నీ ఒంట్లో పేరుకుంటాయి. నగరంలో నడిచే ప్రతి మనిషీ చేసే పని అది. దానికి పేరు కూడా లేదు.

"పుట్టిన అలసటను మనం చంపలేం," అంది విశాలి సీతామాలక్ష్మి గారితో. "దీన్ని మాత్రం పుట్టకుండానే ఆపొచ్చు మేడమ్. బళ్ళు ఆగితే చాలు."

ఆవిడ ఆ అంకెలు మరోసారి కూడి చూసి, పెద్ద ఇంజనీరు రేపు వస్తున్నారని చెప్పారు.

* * *

రహదారుల పెద్ద ఇంజనీరు వరహాలరాజు మర్యాదస్తుడు. వంతెన విజయం చూసి నిజంగా సంతోషించాడు. నగరంలో ఇంకో ఇరవై ఆరు చోట్ల ఇలాంటివే పెట్టిద్దామని కాగితాలు పట్టుకొచ్చాడు. పుచ్చుకునేవాళ్ళ గురించి బెంగ అక్కర్లేదని, రోజుకూలికి మనుషులు బోలెడు దొరుకుతారని చెప్పాడు. గవ్వలపాలెంలోనే ముప్పై మంది పేర్లిచ్చారట. ఆ జాబితాలో మూడో పేరు నూకరత్నం కోడలిది.

అత్త మెట్ల మీద దింపిన బరువును కోడలు కూలికి ఎత్తుకుంటుందన్నమాట. విశాలి గది బయట బెంచీ మీద కూర్చున్న భర్త వంక చూసింది. అతడు కుర్చీ మానేసి వారమైంది. రంగు కొంచెం తిరిగింది గానీ, బెంచీ మీంచి లేవడానికి ఇంకా రెండు చేతులూ ఆనించాలి. అలాంటివాళ్ళు ఇరవై ఆరు చోట్ల, వరసగా.

"సార్, మనుషుల్ని పెట్టే ముందు మీరు ఒక గిద్దె పుచ్చుకుని చూస్తారా? నిన్న ఆదివారానిది విడిగా తీసి ఉంచాం. దాంట్లో పని అలసట ఏమీ లేదు," అంది.

గిద్దె ఎంతో సీతామాలక్ష్మి గారు చేత్తో చూపిస్తే, ఆయన నవ్వుతూ కుర్చీలో కూర్చుని బూట్లు విప్పాడు.

పది నిమిషాలు పట్టింది. మొదట ఆయన చెప్పుకుపోతున్న మాట మధ్యలో ఆగింది. తర్వాత మెడ తిరిగింది.

"నేను ఎటు చూస్తున్నానమ్మా?"

"కుడివైపుకు సార్."

"అక్కడ గోడే కదా ఉంది." ఆయన మడమలు లేచి ఉన్నాయి. దించుకున్నాడు. మళ్ళీ లేచాయి. "ఇది పోదేం?"

గంటలో పోతుందని విశాలి చెప్పింది. పోతుందని నమ్మకం కుదరని మనిషిలా ఆయన తలూపి, బూట్లు తొడుక్కోవడం మరిచిపోయి, చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు. కారు రోడ్డుకు అవతల ఆపి ఉంది. వంతెన గుర్తు రాలేదో, ఆ క్షణంలో మెట్లెక్కే ఓపిక లేదో, సందు ముందు రోడ్డు అంచున నిలబడిపోయాడు. ఒక అడుగు దించి వెనక్కి తీసుకున్నాడు. నగరంలో సగం రోడ్లు గీసిన మనిషి, తను గీసిన రోడ్డు దాటలేక అక్కడ ఐదు నిమిషాలు నిలబడ్డాడు. తట్టతో వస్తున్న నూకరత్నం చూసి, ఎవరో ఏమిటో అడక్కుండా ఆయన మణికట్టు పట్టుకుంది.

"రా బావూ. నాపక్కే నడు. అటు సూడకు," అంటూ రెండో చెయ్యి బస్సులకు అడ్డం పెట్టి అవతలికి చేర్చింది.

ఆ సాయంత్రం ఆయన ఫోను చేసి ఒక్కటే అడిగాడు. ఆ చేపలమ్మ, తొందర లేకుండా, నేల మీదే రోడ్డు దాటాలంటే ఎన్ని సెకన్లు కావాలి? ముప్పై ఐదు అని చెప్పింది విశాలి. రెండు నెలలు పరీక్షగా పెట్టి చూద్దామన్నాడు. నేల మీద ఎత్తుగా దారి, దానికొక సిగ్నలు, ముప్పై ఐదు సెకన్లు బళ్ళన్నీ ఆగాలి. వంతెన మీంచి పలకలు మాత్రం ముందు తీసేయాలి.

తీయాలంటే అవి ఖాళీ కావాలి. నిల్వ ఉన్నది రెండున్నర కుంచాలు, నూట అరవై గిద్దెలు. ఆ మాట వింటూనే కూర్మారావు వంగి చెప్పుల పట్టీ విప్పబోయాడు. విశాలి అతడి చేతి మీద చెయ్యి వేసి ఆపింది. తర్వాత మొదటి మెట్టు దగ్గరికి వెళ్ళి, చెప్పులు విప్పుతున్న జనానికి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పనిది చెప్పింది. మీ అలసట మాయమవలేదు, ఈ మనిషి ఒంట్లోకి వెళ్ళింది.

విప్పిన చెప్పులు కొందరు మళ్ళీ తొడుక్కున్నారు. నూకరత్నం వచ్చి కూర్మారావు ముఖం ఎగాదిగా చూసింది. ఆమెకు జాలి కన్నా ముందు కోపం వచ్చింది.

"నా అలుపు నన్నడక్కండా వేరొకలికిచ్చెత్తారేటి? అరవయ్యేళ్ళు మోసినాను, ఇంకో గిద్దె మోయలేనా?" అని విశాలి మీద గయ్యిమని, తట్ట గోడ పక్కన పెట్టి గదిలోకి నడిచింది.

ఆమె వెనక వరస కట్టారు. మూడు రోజులు పట్టింది. పెద్దవాళ్ళు మాత్రమే, తలా ఒక గిద్దె. షాపు అమ్మాయి వచ్చింది, హోటల్ కుర్రాడు వచ్చాడు, సందు దగ్గరి కానిస్టేబుల్ కూడా టోపీ తీసి వచ్చాడు. ఎవరికి ఎవరిది దిగిందో ఎవరూ పట్టించుకోలేదు. నూట అరవయ్యో మనిషి సీతామాలక్ష్మి గారు. ముల్లు సున్నా మీద ఆగింది. పలకలు ఊడదీస్తుంటే నూకరత్నం చివరిదాకా నిలబడి చూసింది. మూడు నెలలు పదేళ్ళ గుంటలాగ తిరిగానని, ఇక రేపటి నుంచి మోకాళ్ళు మోకాళ్ళేనని చెప్పి వెళ్ళిపోయింది. విశాలికి ఏడుపొచ్చింది. ఆ మాటకు ఆమె దగ్గర ఏ కొలతా లేదు.

సిగ్నలు వెలిగిన మొదటి ఉదయం మంచి ఎండ కాసింది. వరస కట్టిన లారీలు, బస్సులు, స్కూటర్లు గుర్రుమంటూ ఆగాయి. విశాలి భర్త మోచెయ్యి పట్టుకుని ఎత్తుగా పోసిన దారి మీదికి అడుగుపెట్టి, మనసులో లెక్క మొదలుపెట్టింది. పరుగు పందేల మాస్టారు ఇప్పుడు నిజంగానే కూర్మంలా నడుస్తున్నాడు. డాక్టరు మూడు నెలలు ఓపిక పట్టమన్నాడు. చుట్టూ నడుస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే దాటి ముందుకు వెళ్ళిపోయారు. ఇరవై సెకన్లకు ఆ వెడల్పాటి హైవే మధ్యలో వాళ్ళిద్దరే మిగిలారు. ఇరవై ఐదు. ముప్పై. కూర్మారావు కుడివైపు చూడలేదు. ఆమె లెక్క పెట్టుకుంటున్న పెదాల వంక చూస్తున్నాడు.

ముందు వరసలో ఆగిన సిటీ బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏటి బావూ, పెళ్ళి ఊరేగింపేటి?"

"అలాంటిదే," అన్నాడు కూర్మారావు, అడుగు వేగం పెంచకుండా.

ఇంకా నాలుగు సెకన్లున్నాయి.